పక్క మంచం వారి ఫిల్టరు

ఆ గొంతు తాయారుకు మొదటిసారి వినిపించింది ఆసుపత్రిలో కాదు. బర్మాలో, యాంగోన్‌కు నది అవతలి తన్లిన్ ఊళ్లో, సొంత ఇంట్లో, ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు పోయి పంకా ఆగిపోయినప్పుడు. పంకా చప్పుడు పోగానే ఇల్లంతా ఖాళీ అయినట్టు అనిపించింది. ఆ ఖాళీలో, తలగడ పక్కనే, ఒక ఆడగొంతు బర్మా భాషలో అడిగింది.

"థా, యౌక్ పీలా?"

కొడుకు వచ్చేశాడా అని.

తాయారు లేచి కూర్చుంది. గదిలో ఎవరూ లేరు. అత్త రామలక్ష్మి పెరట్లో పంపు దగ్గర గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అత్తా, ఎవలైనా వచ్చారేటి?" అని కేకేసింది.

"ఈ ఎండలో ఎవలొస్తారు. పడుకో."

తాయారుకు కొడుకు లేడు. ఒక్కతే కూతురు సత్యశ్రీ, పెళ్లయి మింగళాడోన్‌లో ఉంటోంది. జబ్బు తెచ్చిన నీరసంలో ఏదో కలగన్నానని సరిపెట్టుకుని తాయారు మళ్లీ నడుం వాల్చింది. కళ్లు మాత్రం మూసుకోలేకపోయింది.

జబ్బు సంగతి ఆమెకు సగమే గుర్తు. ఆమె పని ఊరి చివర కుట్టు ఫ్యాక్టరీలో, చొక్కాల కాలర్లు సరిచూసి పంపడం. నడుం పక్కన నొప్పి చాన్నాళ్లుగా వస్తూ పోతూ ఉంది. ఒకరోజు మిషన్ల వేడి మధ్య కూర్చుని ఉండగానే చలి పుట్టింది. పళ్లు టకటకలాడాయి. తోటి ఆడవాళ్లు బల్లల మీది గుడ్డలు తెచ్చి కప్పినా వణుకు ఆగలేదు. రేవు దగ్గర వెల్డింగ్ పని చేసే భర్త మోహనకృష్ణ పరుగున వచ్చి టాక్సీలో ఎక్కించాడు. వంతెన మీద పోతున్నప్పుడు కింద నది మెరవడం, అతను చెంపల మీద తట్టి పిలవడం గుర్తున్నాయి. ఆ తరవాత ఏమీ లేదు.

మిగతాది మోహనకృష్ణ చెబితేనే తెలిసింది. మూత్రపిండం నుంచి దిగే దారిలో రాయి అడ్డం పడింది. దాని వెనక చీము పట్టి, ఆ చీములోని సూక్ష్మజీవులు రక్తంలో కలిశాయి. యాంగోన్‌లోని ఆసుపత్రిలో డాక్టర్లు వీపులోంచి గొట్టం దించి చీము బయటికి తీశారు. యాంటీబయాటిక్ ఎక్కించారు. అయినా బీపీ నిలవలేదు. నిలబెట్టడానికి మందు పెంచినకొద్దీ కాలివేళ్లు నీలంగా మారసాగాయి. వయసులో చిన్నవాడైన డాక్టరు ఒకాయన మోహనకృష్ణను వరండాలోకి తీసుకెళ్లి విడమర్చి చెప్పాడు. మందుకి సూక్ష్మజీవులు చస్తున్నాయి, కానీ చచ్చినవి కూడా విషం వదులుతాయి, ఇప్పుడు మనిషిని లాగేస్తున్నది ఆ విషమే అన్నాడు.

దాన్ని పట్టుకునే ఫిల్టరు ఒకటుందట. మెడ దగ్గరి నరంలోంచి రక్తాన్ని మిషను బయటికి లాగి, చేతిలో పట్టేంత గాజులాంటి డబ్బాలోంచి పంపిస్తుంది. డబ్బా నిండా సన్నని దారాలు. వాటికి పట్టించిన మందు విషాన్ని తనకు అంటించుకుని, రక్తాన్ని మాత్రం వెనక్కి వదిలిపెడుతుంది. ఆ ఫిల్టరు యాంగోన్‌లో ఎక్కడా దొరకడం లేదు. అయితే ఆ ఉదయమే ఒకటి బ్యాంకాక్ నుంచి వచ్చింది, పక్క మంచం మీది పెద్దావిడ కోసం. ఆవిడకు దాని అవసరం తీరిపోయింది. ఆవిడ కూతురు దాన్ని తాయారుకు పెట్టమంది.

"మిషను తిరుగుతుండగానే నీ బీపీ ఎక్కినాది," అని మోహనకృష్ణ చెప్పాడు. "నీ రకతమంతా అందులోంచి తిరిగొచ్చినాది, తాయారూ. ఆ ఎర్రటి గొట్టాలు సూడలేక నేను బయటికి పోయి నిలబడ్డాను."

ఆ సంగతి విన్నప్పుడు తాయారు ఆ కుటుంబానికి మనసులో దండం పెట్టుకుంది. పెద్దావిడ పోయిందని తెలిసి బాధపడింది. అంతకు మించి ఆలోచించలేదు. గొంతు వినిపించడం మొదలయ్యాకే ఆలోచనంతా అటు తిరిగింది.

అది మళ్లీ వచ్చింది. కరెంటు పోయిన ప్రతిసారీ రాదు, వస్తుందేమోనన్న భయం మాత్రం ప్రతిసారీ వచ్చేది. ఒకసారి బియ్యం కడుగుతుంటే వినిపించింది. ఒకసారి బస్సులో, వంతెన మీద, వెనక సీట్లోంచి. తిరిగి చూస్తే అక్కడ నిద్రపోతున్న ముసలాయన తప్ప ఎవరూ లేరు. కేక కాదు, ఏడుపు కాదు. ఎవరికోసమో చాలాసేపటినుంచి చూస్తున్న మనిషి, పక్కవాళ్లను మెల్లగా అడిగినట్టుండేది. మెడ మీద గొట్టం గుచ్చిన మచ్చ ఆ సమయంలో చురుక్కుమనేది. పంకా ఆగితే వెంటనే పెట్టుకోవడానికి బ్యాటరీ రేడియో ఒకటి మంచం మీదే ఉంచుకోవడం మొదలుపెట్టింది.

చివరికి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఇద్దరికీ చెప్పేసింది. రామలక్ష్మి ఆశ్చర్యపోలేదు.

"ఆవిడి కోసం వచ్చినదాన్ని నీకెక్కించారు. ఆవిడూరుకుంటాదేటి. కొడుకు కోసం సూస్తన్నాది."

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నాడు మోహనకృష్ణ. అలా అన్నవాడు భార్య ముఖం వైపు చూడలేదు.

"ఏటి మావా? నీకేటో తెలుసు."

అతను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "ఆవిడి నోట్లో గొట్టం ఉన్నాది, తాయారూ. మనం యెళ్లేటప్పటికే ఉన్నాది. ఆవిడ ఒక్క మాట అనడం నేను వినలేదు. మరి నీకెలగ వినబడినాదో నాకు తెలీదు."

ఆ మాటతో తాయారుకి ఉన్న ఆ కాస్త ధైర్యమూ పోయింది. అపస్మారకంలో పక్క మంచం మనిషి గొంతు చెవిన పడి ఉంటుంది, అదే ఇప్పుడు గుర్తుకొస్తోందని ఆమె తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. ఇక ఆ దారీ లేదు.

"వాళ్లింటికి పోదాం," అంది.

"ఆ అమ్మాయి ఎళ్లిపోతా నన్నొకటి అడిగినాది. మమ్మల్ని ఎతకొద్దు, కృతజ్ఞతలు సెప్పడానికి రావద్దు అని."

"ఎక్కడుంటాదో నీకు తెలుసు కదేటి."

అతను చెప్పేశాడు. యాంగోన్‌లో చిమిండైంగ్ బజారు పక్క సందులో దారాలు, బొత్తాలు, జిప్పులు అమ్మే కొట్టు. నర్సు చెప్పిందట. ఆ అమ్మాయి పేరు నీలా. పోయిన పెద్దావిడ పేరు డో టిన్ మే.

వెళ్లే రోజు రామలక్ష్మి అక్కడి ఆడవాళ్లు కట్టే కొత్త లుంగీ ఒకటి, అరటిపళ్లు, పసుపుకొమ్ము, తమలపాకులు గుడ్డలో మూట కట్టి కోడలి చేతికిచ్చింది. "ఫొటో ముందట పెట్టి, నీది నువ్వు తీసుకెళ్లిపో తల్లీ అని సెప్పి వచ్చీ. గుమ్మం దిగినాక ఎనక్కి తిరిగి సూడకు."

తాయారు ఒంటరిగానే వెళ్లింది. నది ఒడ్డు బజారులో వాన ముందరి ఉక్కపోత. సందులో నాలుగడుగులు వేయగానే కొట్టు కనిపించింది. గోడ పొడవునా రంగురంగుల దారపు ఉండలు, వాటి మధ్య స్టూలు మీద ఒక ముప్పయ్యేళ్ల మనిషి. తాయారు ఇంకా నోరు తెరవకముందే ఆమె మెడ మీది మచ్చ వైపు చూసింది. తరవాత ముఖం వైపు చూసి లేచి నిలబడింది.

"లోపలికి రండి, అమ," అంది. అక్కని పిలిచే బర్మా పిలుపు అది. కొట్టు తలుపు సగం దించేసింది.

కొట్టు వెనకే ఇల్లు. గోడకి డో టిన్ మే ఫొటో, దానికి మల్లెపూల చెండు, ముందు గ్లాసుతో నీళ్లు. తాయారు మూట తీసి ఫొటో ముందు పెట్టింది గానీ, అత్త చెప్పమన్న మాట నోట రాలేదు. ఆ ముఖంలో కోపం లేదు. ఎవరో ఫొటో తీస్తున్నారని కాస్త సర్దుకుని కూర్చున్న మనిషి ముఖం అది.

ఇద్దరూ బర్మాలోనే మాట్లాడుకున్నారు. తాయారు ముందు కృతజ్ఞత చెప్పబోయింది. నీలా చేత్తోనే వారించింది. అప్పుడు తాయారు ఇక దాచలేక అంతా చెప్పేసింది. ఇంట్లో గొంతు, బస్సులో గొంతు, అది అడిగే మాట.

"ఏ మాట? మళ్లీ చెప్పండి," అంది నీలా.

"థా, యౌక్ పీలా."

నీలా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. బయట ఎవరో కొట్టు తలుపు తట్టి, జవాబు లేక వెళ్లిపోయారు.

"అవి అమ్మ మాటలు కావు," అంది చివరికి. "అమ్మ అలా అనలేదు. నేను కల్పించి మా తమ్ముడికి చెప్పాను. వాడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు."

ఆమె తమ్ముడు యే లిన్. సైన్యంలో చేరమని పిలుపు వచ్చినప్పుడు సరిహద్దు దాటి బ్యాంకాక్ వెళ్లాడు. అక్కడ చేపలు గడ్డకట్టించే ఫ్యాక్టరీలో పని. తిరిగి వస్తే పట్టుకుంటారు. అమ్మకు రక్తంలో విషం ఎక్కిందని, ఫిల్టరు కావాలని తెలిశాక అతను పనిచేసే చోట అందరినీ అడిగి, తెలిసినవాళ్ల ద్వారా అక్కడి ఆసుపత్రి నుంచి కొనిపించి, ఇటు వస్తున్న ప్రయాణికుడి చేతికిచ్చి పంపాడు. నీలా మింగళాడోన్ విమానాశ్రయంలో నిలబడి దాన్ని అందుకుంది. అది తీసుకుని ఆసుపత్రికి చేరేటప్పటికి, దారిలో ఉన్న ఆ కాసేపట్లో, అమ్మ గుండె ఒకసారి ఆగిపోయింది. డాక్టర్లు మళ్లీ కొట్టించారు. కానీ కళ్లలో వెలుగు వేసి చూస్తే కంటిపాపలు కదల్లేదు.

"మీరు పెట్టమంటే పెడతాం అన్నాడు డాక్టరు. పెట్టినా మనిషి రాదనుకుంటున్నాను, నిర్ణయం మీది అన్నాడు. నేను వద్దన్నాను. పక్కన మీరున్నారు. వేళ్లు నీలంగా, నోరు తెరుచుకుని. ఆవిడకు పెట్టండి అన్నాను. అమ్మ ఆ మధ్యాహ్నం పోయింది."

"తమ్ముడికి ఏం చెప్పావు?"

"పెట్టామని చెప్పాను."

అప్పుడే ఆమె ఫోను మోగింది. నీలా దాని వైపు చూసి, తాయారు వైపు చూసి, గోడకు ఆనుకుని కూర్చుంది. తెర మీద, తలకు తెల్లటి టోపీ పెట్టుకున్న కుర్రాడి ముఖం. చలిగదిలోంచి వచ్చినవాడిలా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరో ఉన్నారా?" అని అడిగాడు.

"కొట్టుకొచ్చిన ఆవిడ. జిప్పులు కావాలట."

అన్నం తిన్నావా, వాన పడిందా అని కాసేపు మాట్లాడుకున్నారు. తరవాత అతను గొంతు తగ్గించాడు. "అక్కా, ఒకసారి చెప్పవూ."

నీలా కళ్లు మూసుకుంది. వద్దని అనలేదు. చిన్నపిల్లవాడికి కథ చెప్పినట్టు చెప్పుకొచ్చింది. గొట్టంలోకి రక్తం ఎక్కింది. ముందు నల్లగా ఉన్నట్టనిపించింది, తరవాత ఎర్రబడింది. మిషను మీది అంకెలు మెల్లగా పైకి జరిగాయి. వేళ్లకు రంగొచ్చింది. ఎడమచెయ్యి దుప్పటిని పట్టుకుంది. కళ్లు తెరిచి పైకప్పు చూసింది, తరవాత నా వైపు చూసింది. పెదాలు తడిపాను. అప్పుడు అడిగింది, థా, యౌక్ పీలా అని. వస్తున్నాడమ్మా అన్నాను. మళ్లీ కళ్లు మూసుకుంది.

"సరే అక్కా," అని అతను ఫోను పెట్టేశాడు.

తాయారు తన ఎడమచేతి వైపు చూసుకుంటోంది. స్పృహ వచ్చినప్పుడు ఆ చేతిలో దుప్పటి అంచు పిడికిట్లో ఉందని, విడిపించడానికి కష్టపడ్డామని నర్సు నవ్వుతూ చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది.

"అది నేను," అంది.

"మీరే," అంది నీలా. "అమ్మను కిందికి తీసుకెళ్లిపోయారు. కాగితాలయ్యేదాకా నన్ను ఉండమన్నారు. ఎక్కడికి పోను? మీ మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. మీ ఆయన చూడలేక బయట ఉన్నారు. తమ్ముడు ఫోను చేసి, పెట్టారా పెట్టారా అంటున్నాడు. నా కళ్లముందు ఫిల్టరు తిరుగుతోంది. ఏది కనిపిస్తే అది చెప్పాను. మీకు బాగవుతోందని చూసి, అమ్మకు బాగవుతోందని చెప్పాను."

"మరి ఆ మాట?"

"మీరేదో అన్నారు. మీ భాషలో. రెండుసార్లన్నారు. బయటికి వెళ్లి, ఎవరన్నారో చెప్పకుండా, మీ ఆయన్ని అర్థం అడిగాను. 'వచ్చీసాడా' అంటే ఇదీ అని చెప్పారు. తిరిగొచ్చి మీ పక్కన కూర్చునే తమ్ముడికి చెప్పాను, అమ్మ అడిగినట్టు. వాడు నమ్మలేక, ఏమంది ఏమంది అని అడుగుతూనే ఉన్నాడు. నేను చెబుతూనే ఉన్నాను."

అంటే తాను విన్నది నీలా గొంతు. ఆ గొంతులోకి వెళ్లిన మాట తనది. తాయారుకు ఊరట కలగాల్సింది. కలగలేదు. ఫొటోకి దండం పెట్టి లేచింది. గుమ్మం దిగాక వెనక్కి తిరిగి చూసింది. నీలా తలుపు ఎత్తకుండా చీకట్లోనే నిలబడి ఉంది.

ఇంటికొచ్చాక అత్తకు, భర్తకు అంతా చెప్పింది. ఆ అమ్మాయి ఏదో తెలుగు మాటకు అర్థం అడిగిన సంగతి అప్పుడు గుర్తొచ్చి, మోహనకృష్ణ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. దెయ్యం లేదు, ఏమీ లేదు, తన భార్య మాటే తనకు తిరిగి వినిపిస్తోంది. రామలక్ష్మి మాత్రం అడిగింది.

"మరి నువ్వు ఎవల కోసం అడిగినావు? మీ ఆయన బయటే ఉన్నాడు కదా. నీకు కొడుకు లేడు."

"నాకు గురుతు లేదత్తా."

"సావుమంచం కాడికి వచ్చీవోడు ఒక్కడే," అని రామలక్ష్మి దీపం వెలిగించడానికి లేచింది.

గొంతు ఆగలేదు. ఇప్పుడది ఎవరిదో తెలిసింది కాబట్టి ఇంకా దగ్గరగా వచ్చినట్టుండేది. తాను పోకుండా మిగిలిన ఆ పూటను ఎక్కడో బ్యాంకాక్‌లో ఒక కుర్రాడు తన తల్లి ఆఖరి పూటగా దాచుకున్నాడు. తాను కళ్లు తెరవడం, దుప్పటి పట్టుకోవడం, అన్నీ ఆ చచ్చిపోయిన ఆవిడవైపోయాయి. తాయారు అద్దంలో ముఖం చూసుకున్నప్పుడు, ఆ రోజు తెరుచుకున్నవి ఎవరి కళ్లు అన్న ఆలోచన వచ్చి అద్దం ముందునుంచి తప్పుకునేది.

పరీక్షకు ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు దగ్గరపడ్డప్పుడు నీలాయే ఫోను చేసింది. "నేనూ వస్తాను, అమ. ఆ డాక్టర్ని ఒక్క మాట అడగాలి. ఒక్కదాన్నే ఆ మెట్లు ఎక్కలేను."

డాక్టరు నీలాను గుర్తుపట్టి కుర్చీ చూపించాడు. నీలా కూర్చోలేదు.

"ఆ రోజు పెట్టి ఉంటే అమ్మ బతికేదా?"

"మెదడుకి అప్పటికే రక్తం అందడం మానేసింది. పెట్టి ఉంటే రక్తం శుభ్రమయ్యేదేమో, మనిషి తిరిగొచ్చేది కాదు. అని నేను అనుకుంటున్నాను."

"అనుకోవడమేనా?"

"అనుకోవడమే."

తాయారు కల్పించుకుంది. "నన్ను బతికించింది అదేనా డాక్టర్?"

"చీము తీశాం. యాంటీబయాటిక్ బాగా పనిచేసింది. ఫిల్టరూ తిరిగింది. ఈ మూడింట్లో ఏది ఎంత చేసిందో నేను చెప్పలేను. అది లేకుండా కూడా మీరు లేచేవారేమో. ఎందరో రోగుల మీద పరీక్షించి చూసిన పెద్ద డాక్టర్లే దాని గురించి ఒక్క మాట మీదికి రాలేదు. మీకు పెట్టినందుకు మాత్రం నేను చింతించడం లేదు."

ఇద్దరూ బయటికొచ్చి చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. జనరేటరు చప్పుడులో మాట్లాడాలంటే దగ్గరగా జరగాలి.

"పెట్టి ఉంటే బతికేదని అంటాడేమోనని భయపడ్డాను," అంది నీలా. "పెట్టినా బతికేది కాదని గట్టిగా చెబుతాడని ఆశపడ్డాను. రెండూ చెప్పలేదు. మీకు దానివల్లే ప్రాణం వచ్చిందని కూడా చెప్పలేదు. అయితే నేను చేసిందేమిటి?"

"నాకు తెలీదు నీలా. నీ చేతిలో ఉన్నది నువ్వు ఇచ్చావు. అంతవరకే నాకు తెలుసు."

"వాడు అడిగినప్పుడల్లా ఆ కథ ఇంకాస్త పెరుగుతోంది. మొన్న అమ్మ నవ్విందని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. నా అమ్మ ముఖం నాకు గుర్తు రావడం మానేసింది, అమ. ఆ మంచం తలుచుకుంటే మీ ముఖమే వస్తోంది."

ఆ సాయంత్రమే తమ్ముడికి చెబుతానంది. తనతో ఉండమని తాయారును అడిగింది. తాయారు చిమిండైంగ్‌కి వెళ్లింది. వానాకాలం మొదలైంది. రేకుల మీద వాన పడుతుంటే ఫోను గ్లాసుకి ఆనించి నిలబెట్టారు.

నీలా ఏడవకుండానే చెప్పింది. మింగళాడోన్ నుంచి మొదలుపెట్టింది. టాక్సీ, ఒళ్లో డబ్బా, ఆసుపత్రి మెట్లు, అమ్మ కంటిపాపలు. "డాక్టరు అడిగాడు. నేను వద్దన్నాను. అమ్మ కళ్లు తెరవలేదు. ఏమీ అడగలేదు. నేను చెప్పిందంతా పక్క మంచం ఆవిడకు జరిగింది."

అవతల ఎవరో అతన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. అతను తిరగలేదు.

"ఆవిడ బతికిందా?" అని అడిగాడు.

నీలా ఫోను తాయారు వైపు తిప్పింది. తాయారు పమిట కాస్త పక్కకి తొలగించి మెడ మీది మచ్చ చూపించింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు, అడగకుండానే చేతులు ఆ పని చేశాయి. అతను తెరకు దగ్గరగా వచ్చి చూశాడు. ఆ చూపులో ద్వేషం ఉంటుందని తాయారు సిద్ధపడి ఉంది. దారి తప్పినవాడు ఇంటి నంబర్లు వెతుక్కునే చూపు అది.

"మీ పేరేమిటి?"

"తాయారు."

అతను పేరును తన నోట ఒకసారి పలికి చూసుకున్నాడు, సరిగా పలకలేకపోయాడు. తరవాత తెర నల్లబడింది.

వానలు పడినన్నాళ్లూ యే లిన్ అక్కకు ఫోను చెయ్యలేదు. నీలా రోజూ ఒక కబురు పంపేది, అన్నం తిన్నావా అని. అతను చదివినట్టు తెలిసేది, జవాబు వచ్చేది కాదు. తాయారు మళ్లీ ఫ్యాక్టరీలో చేరింది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం వేళ, ఆమె ఫోనుకి తెలియని నంబరు నుంచి పిలుపు వచ్చింది. ముఖం చూపించే పిలుపు కాదు, మాట మాత్రమే.

"నేను యే లిన్‌ని. మీ నంబరు అక్క ఎప్పుడో పంపింది," అన్నాడు. "మిమ్మల్ని ఒకటి అడగాలి. తప్పుగా అనుకోకండి."

"అడుగు బాబూ."

"మీరు మా అమ్మ కాదని నాకు తెలుసు. ఆ మాట అమ్మ అనలేదనీ తెలుసు. కానీ ఇన్నాళ్లూ అది అమ్మ గొంతులోనే విన్నాను. ఇప్పుడు అమ్మ గొంతు పోయింది, ఆ చోట ఏమీ లేదు. ఆ మాట అన్నది మీరే కదా. ఒక్కసారి అనండి."

తాయారు అన్నం గిన్నె పక్కన పెట్టి ఫ్యాక్టరీ గోడవారకు నడిచింది. ఇన్నాళ్లూ ఎవరో తనను అడుగుతున్నారని భయపడిన మాటను తానే నోరు తెరిచి అనాలి. దూరంగా మిషన్లు ఆగి ఉన్నాయి. పెదాలు తడుపుకుని, తెలుగు యాస పోని తన బర్మాలో, మెల్లగా అంది.

అతను వెంటనే బదులు చెప్పాడు, నిద్రలో ఉన్నవాడిలా. "ఇంకా రాలేదమ్మా."

ఆ తరవాత ఊపిరి ఒకటి వినిపించింది. ఏడ్చాడో లేదో తెలియలేదు. తాయారు తన భాషలోకి జారిపోయి, "నువ్వు జాగర్తగుండు బాబూ, అక్కకి ఫోను సెయ్యి," అంది. అతనికి అది అర్థమైందో లేదో గానీ, "సరే" అన్నాడు.

అతను అక్కకు ఫోను చేశాడు. ఆ రోజు కాదు, వానలు వెనకబట్టాక బర్మావాళ్లు చేసుకునే దీపాల పండుగకు, పెద్దవాళ్లకు దండం పెట్టుకునే రోజున. ఇప్పుడు తరచుగానే మాట్లాడుకుంటున్నారు. చేపల ఫ్యాక్టరీ గురించి, దారాల కొట్టు గురించి, ఎవరి పెళ్లి అయిందన్న దాని గురించి. ఆ కథ చెప్పమని అతను అడగడు. నీలా కూడా ఎత్తదు. అమ్మ బతికి ఉన్న రోజుల సంగతులు మాత్రం ఒకటో రెండో మాటల్లోకి వస్తున్నాయని నీలా చెప్పింది. బజారులో చేపలవాడితో అమ్మ పెట్టుకున్న పోట్లాట, స్కూలు ఎగ్గొట్టినందుకు తమ్ముణ్ణి వీధంతా తరిమిన రోజు.

కరెంటు పోతే తాయారు ఇప్పుడు రేడియో పెట్టుకోదు, ఆ గొంతు వస్తే రానీ అని వింటుంది. అప్పుడప్పుడు చిమిండైంగ్ వెళుతుంది. రామలక్ష్మి చేసిన కారప్పూస డబ్బాలో పెట్టి తీసుకెళుతుంది. నీలా టీ కాస్తుంది, ఇద్దరూ దారాల రంగుల గురించి, ధరల గురించి మాట్లాడుకుంటారు. నవ్వుకోవడం కూడా ఉంది. కానీ ఏ మాట మధ్యలోనో నీలా చూపు తాయారు ముఖం మీద ఆగిపోతుంది. ఆ ముఖంలో ఇంకెవరినో వెతుకుతున్నట్టు, వెతికి దొరకనట్టు. వినడం మానేస్తుంది. అలాంటప్పుడు తాయారు, చెబుతున్న మాట అక్కడే ఆపి, నీలా తిరిగి తనవైపు వచ్చేదాకా, చల్లారుతున్న టీ చేతిలో పట్టుకుని కూర్చుంటుంది.